పదకొండో తొట్టి పుప్పొడి

తెప్పల ఏడు 63, మాఘ శుద్ధ పాడ్యమి, సోమవారం

పొద్దున్నే పందిరి తెప్ప మీద అడుగు పెడితే కాలికింద మెత్తగా తగిలింది. వంగి చూశాను. పువ్వులు! మొన్న మధ్యాహ్నం నేనూ, నాతో చదివే అంకినీడూ పుప్పొడి అద్దిన రాఖీపువ్వులన్నీ తొడిమలతో సహా ఊడి, ముడుచుకుపోయి, చెక్కల సందుల్లో పడి ఉన్నాయి. పువ్వు రాలడం వింత కాదు, రోజూ కొన్ని రాలతాయి. మొన్నటివాటిలో ఒక్కటంటే ఒక్కటి కూడా తీగ మీద మిగలకపోవడమే వింత.

జోజమ్మ టీచరు మమ్మల్ని రోజూ జరిగింది జరిగినట్టు రాయమన్నారు. "అందంగా రాయకు నాంచారీ, సరిగ్గా రాయి" అని నాకు విడిగా చెప్పారు. రెండూ కుదిరితే తప్పేమిటో నాకు తెలియదు.

సరిగ్గా రాస్తాను. మా పదకొండు తెప్పలూ ఒకే లంగరుకు ఒకదాని వెనక ఒకటి కట్టి ఉంటాయి. పందిరి తెప్ప పక్కగా ఉంటుంది, అది అందరిదీ. సముద్రం మీద తుమ్మెదలుండవు కాబట్టి తుమ్మెద పని బడిపిల్లలది. రాఖీపువ్వు ఎండ నడినెత్తికి వచ్చాక విచ్చుకుని, చీకటి పడకముందే మూసుకుంటుంది. ఊదారంగు పోగుల చక్రం, దాని మధ్య ఐదు పుప్పొడి తిత్తులు, వాటికి పైన మూడు కొమ్ములు. విచ్చుకున్న కొత్తలో కొమ్ములు ఆకాశం చూస్తుంటాయి. గంట గడిచేసరికి మెల్లగా కిందికి వంగుతాయి. అప్పుడు అద్దాలి. ఆ కొమ్ముల చివర్లను కీలాగ్రాలంటారు. కీలాగ్రం! నిన్ననే నేర్చుకున్నాను. చెరుకుముక్కలా చాలాసేపు నమలొచ్చు ఈ మాటని.

ప్రతి తెప్పకీ ఒక తొట్టి, తొట్టిలో ఒక తండ్రి తీగ. ఆ తీగ పుప్పొడిని దాని ఆల్చిప్పలోకి దులుపుకొస్తాం. చిప్పకో కోడీక. ముందు మొదటి తెప్ప పుప్పొడి, తరవాత రెండోది, అలా చివరిదాకా లంగరు వరసలో ఒక్కో పువ్వుకీ అద్దుతాం. తుఫాను వస్తే లంగరు పక్కనున్న మొదటి తెప్పే ముందు దెబ్బ తింటుంది. అందుకే మంచినీళ్ళయినా, పెళ్ళిపిలుపైనా ముందు దానికే. మా తెప్ప పదకొండోది.

సాయంత్రం మొదటి తెప్ప సైదులు తాత అందరినీ పిలిచాడు. తెప్పలకి ఆయనే పెద్ద, అంకినీడుకి సొంత తాత.

"ఈ ఏడు కాయ లేదు. పండు తినక పిల్లల చిగుళ్ళు నెత్తురు కారతన్నాయి" అన్నాడు. "తీగలు నీరసించినయ్. కొత్తవి నాటాల. మట్టి ఎక్కడుంది? పదకొండో తొట్టిలో ఉంది. వంశపు పెట్టెలో గింజ వేసి చూస్తే ఆ తొట్టి అంకె ఒక్కసారన్నా ఎలిగిందా? పిల్లల్ని కననోడికి తొట్టెడు మట్టి దేనికి? పున్నమినాడు పీకేద్దాం. మా తీగ గింజలు ఏద్దాం."

వంశపు పెట్టె గురించి: గింజ గానీ ఆకు గానీ లోపల పెడితే దాని తండ్రి ఏ తొట్టిదో ఆ అంకె వెలుగుతుంది. పెట్టె అబద్ధం చెప్పదు. మా అంకె ఎప్పుడూ వెలగలేదన్నది నిజమే.

మా తీగని అమ్మమ్మ మునిగిపోయిన ఊళ్ళోంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఇంటికొచ్చాక అమ్మ తొట్టి దగ్గర కూర్చుని ఆకుల మీది ఉప్పు తడిగుడ్డతో తుడిచింది. పీకేసే తీగకి ఉప్పెందుకు తుడవడం అని నేను అడగలేదు. పున్నమి ఇంకా దూరమే. నాకు చేతులున్నాయి, భూతద్దం ఉంది.

తదియ, బుధవారం

మొదటి ప్రశ్న: మా పుప్పొడి చచ్చిపోయిందా?

బడిలో గాజుపలక మీద నిరుడు దాచిన రాఖీపండు రసం చుక్కలు వరసగా పెట్టాను. ఒక్కో చుక్కలో ఒక్కో చిప్ప పుప్పొడి. బతికున్న పుప్పొడి తీపి తగిలితే మొలకెత్తుతుంది. ఒక్కో రేణువు నుంచి సన్నటి గొట్టం బయటికి పాకుతుంది. దాని పేరు పుప్పొడి నాళం. పువ్వులో అయితే ఆ నాళం కొమ్ములోంచి కిందికి దిగి, అడుగున గింజలు కాబోయే అండాల్లో ఒకదాన్ని చేరుతుంది. ఒక్క గింజకి ఒక్క రేణువు. ముందు చేరినవాడే తండ్రి.

అంకినీడు వెనక నిలబడి మునక్కాయ నములుతున్నాడు.

"ఏంటే, మీ ముసలోడికి రసం తాగిస్తన్నావా?"

"మీవాడికి కూడా పోశాను. ఎవరు ముందు లేస్తారో చూద్దామా?"

"మావోడు లేస్తాడు. లేవడమేంటి, పరిగెడతాడు."

మా పదకొండో చుక్కలో ముందు లేచాయి. కాసేపటికి మొదటి చుక్కలోనూ లేచాయి. అన్నీ లేచాయి. అంకినీడు భూతద్దం లాక్కుని చూసి, తుడిచి, మళ్ళీ చూశాడు.

"నువ్వు మీదాన్లో ఎక్కువ రసం పోశావ్" అన్నాడు.

"సరే, నువ్వే పొయ్యి."

వాడే పోశాడు. మళ్ళీ మావే ముందు. వాడు మునక్కాయ పిప్పి సముద్రంలోకి ఉమ్మి వెళ్ళిపోయాడు.

అంటే మా పుప్పొడి బతికే ఉంది. చురుగ్గా కూడా ఉంది. అయినా పువ్వులో తండ్రి కాలేకపోతోంది. తప్పు రేణువులో లేదు, దారిలో ఉంది. ఈ వాక్యం రాసి రెండుసార్లు చదువుకున్నాను. నాకు బాగా నచ్చింది.

పంచమి, శుక్రవారం

తెలిసిపోయింది!

రాలిన పువ్వుల కొమ్ములు కోసి భూతద్దం కింద పెట్టాను. కీలాగ్రం పచ్చగా, దట్టంగా, పిండి అద్దిన గారెలా ఉంది. పుప్పొడి అంతా అక్కడే ఉంది. ఒక్క నాళం లేదు! రసంలో అంత హుషారుగా లేచినవి ఇక్కడ రాళ్ళలా పడి ఉన్నాయి.

జోజమ్మ టీచరుకి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, "పందిరి తీగల ఆకులు కోసుకురా. అన్నిటివీ" అన్నారు. ఇద్దరం వంశపు పెట్టె ముందు కూర్చున్నాం. ఒక ఆకు పెట్టాం. ఒకటి అంకె వెలిగింది. ఇంకో ఆకు, ఒకటి. ఇంకోటి, మళ్ళీ ఒకటి. పందిరంతా ఒకటే.

"పెట్టె పాడైందా టీచర్?"

"పెట్టె బాగానే ఉందమ్మా. పందిరే..." అని ఆగి, "తొట్టి తీగల ఆకులు కూడా తేగలవా?" అన్నారు.

తెచ్చాను. రెండో తొట్టి తండ్రీ ఒకటే. మూడోదాని తండ్రీ ఒకటే. పదో తొట్టి దాకా అంతే. మా ఆకు పెట్టినప్పుడు మాత్రం పెట్టె ఏ అంకే చూపించలేదు. దాని తండ్రి నీళ్ళ కింద ఏ ఊళ్ళో ఉన్నాడో మరి.

అప్పుడు టీచరు గుర్తు చేసుకుని చెప్పారు. నేను పుట్టకముందు పెద్ద ఉప్పెన వచ్చి తొట్లన్నీ ఉప్పునీళ్ళతో నిండిపోయాయట. తొట్టి తీగల్లో మొదటి తెప్పవాళ్ళది ఒక్కటే బతికింది. సైదులు తాత దాని పుప్పొడితో పందిరి మీద కాసిన గింజలు మొలకెత్తించి, అడగకుండానే, ప్రతి తెప్పకీ ఒక మొక్క ఇచ్చాడు. మా అమ్మమ్మ ఆ తరవాత వచ్చి చివర కట్టుకుంది.

"రాఖీతీగకి ఒక పట్టుదల ఉంది నాంచారీ. తన పుప్పొడిని తాను రానివ్వదు. తన తండ్రిది, తన తోడబుట్టినవాళ్ళది కూడా చాలావరకు రానివ్వదు. కీలాగ్రం మీదే ఆపేస్తుంది."

నేను లేచి నిలబడ్డాను. కూర్చుని ఆలోచించడం నావల్ల కాలేదు. పందిరి తీగలన్నీ మొదటి తీగ కూతుళ్ళు. మేం రోజూ ముందుగా వాటి తండ్రి పుప్పొడే అద్దుతున్నాం. తరవాత తొమ్మిదిసార్లు తోడబుట్టినవాళ్ళది. అన్నిటినీ పువ్వు గుమ్మంలోనే ఆపేస్తోంది. ఆగినవాళ్ళు వెనక్కి పోరు కదా, గుమ్మం నిండా కూర్చుంటారు. చివరగా మా తీగ పుప్పొడి వచ్చేసరికి కాలు పెట్టే చోటుండదు. లోపలికి రమ్మనేది ఆ ఒక్కడినే, వాడికి గుమ్మమే కనబడటంలేదు!

పందిరి మీద ఉప్పెన ముందటి పాత తీగలు ఉన్నన్నాళ్ళూ కొన్ని కాయలు కాశాయి. అప్పుడు మొదట వచ్చిన మొదటి తీగే గెలిచేది. ఆ గెలిచిన గింజలే మళ్ళీ నాటుకుంటూ వచ్చాం. నిరుడు ఆఖరి పాత తీగ ఎండిపోయింది. ఇప్పుడు ఊరంతా చుట్టాలే.

ఇప్పుడు పున్నమినాడు మా తీగని పీకి, అదే మట్టిలో ఇంకాసిని కూతుళ్ళని నాటబోతున్నారు.

షష్ఠి, శనివారం

టీచరు నిదానంగా చెబుదామన్నారు. సభలో సైదులు తాత గొంతు సవరించుకోగానే నేను లేచి, "తాతా, మీ తీగ పుప్పొడిని దాని కూతుళ్ళకే పూస్తన్నాం" అనేశాను.

వెనకనుంచి ఎవరో పకపకా నవ్వారు. సైదులు తాత చెవులు ఎర్రబడ్డాయి. జోజమ్మ టీచరు అందుకుని, ఆకుల సంగతి, పెట్టె సంగతి, అన్నీ వరసగా చెప్పారు. ఆవిడ చెప్పినంతసేపూ నవ్వు రాలేదు.

"అయితే ఏం చెయ్యమంటారు?" అన్నాడు తాత.

"పదకొండో చిప్ప ముందు అద్దాలి" అన్నాను.

అంకినీడు ఎగిరి లేచాడు. "చూశారా? చివరి తెప్పోళ్ళకి మొదటి వరస కావాలంట! దీనికోసం ఇంత కథ!"

"నువ్వు కూకోరా" అన్నాడు తాత. నా వైపు తిరిగాడు. ఆయన గొంతులో కోపం లేదు. అదే కష్టంగా అనిపించింది. "పిల్లా, వరసంటే గొప్ప కాదే. తుఫానులో మా తాడు తెగితే మీరంతా పోతారు. అందుకని రాత్రుళ్ళు మా ఇంట్లో ఒకడు మేలుకునే ఉంటాడు. ఆ మేలుకున్నోడికి ముందు నీళ్ళిస్తాం. ఇవాళ పువ్వు కోసం వరస మారిస్తే రేపు నీళ్ళ కోసం మారస్తారు. నా చేత్తో నేను మార్చలేను."

ఇది మంచి మాట.

అప్పుడు అమ్మ మాట్లాడింది. సభలో అమ్మ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"మావయ్యా, తిరుగుగాలి రోజున ముందు నీళ్ళెవరికి?"

ఏడాదికి కొన్నిసార్లు గాలి అటునుంచి ఇటు తిరుగుతుంది. అప్పుడు చివరి తెప్ప నుంచి తోక లంగరు వేస్తారు. గాలి దెబ్బ ముందు మాకు తగులుతుంది. ఆ ఒక్క రోజూ నీళ్ళు మానుంచి మొదలవుతాయి.

తాత గడ్డం గోక్కున్నాడు. "మీకే" అన్నాడు.

"మరి పుప్పొడో?"

"ఆ రోజు పందిరి తెప్ప ఉయ్యాల్లా ఊగుద్దమ్మా. ఎవరూ ఎక్కరు. అందుకని ఆ మాటే రాలేదు ఇన్నాళ్ళూ."

"నేనెక్కుతాను" అన్నాను.

ఆయన తలెత్తి గాలి వాటం చూసి అన్నాడు: "గాలి తిరిగితే వరస తిరగాల. అది నేను పెట్టిందీ కాదు, నేను తీసేదీ కాదు. పున్నమిలోగా తిరిగితే ఎక్కు. తిరక్కపోతే మాత్రం తీగ లాగేస్తాం. ఎవరూ ఏడవకూడదు."

నవమి, మంగళవారం

తిరిగింది!

తెల్లారి మా గుమ్మం తెర లోపలికి కాకుండా బయటికి ఎగురుతోంది. నాన్న లేని ఇల్లు కాబట్టి తోక లంగరు అమ్మా, పక్క తెప్పవాళ్ళూ కలిసి వేశారు. నీళ్ళ బిందె ముందు మా గడప దగ్గరే దింపారు. నేను తాగలేదు. చిప్పా, ఈకా సర్దుకుంటున్నాను.

పువ్వులు విచ్చుకునే వేళకి నడుముకి తాడు కట్టుకుని పందిరి తెప్ప ఎక్కాను. నా వెనకే అంకినీడు ఎక్కాడు, వాడికీ తాడుంది.

"నువ్వెందుకు?"

"నువ్వు పడితే తీసేది ఎవరు? ఇంకోటి, కుడి వరస నాది. గాలి తిరిగినా నేను తిరగను. మా తాత చిప్పతోనే మొదలెడతా."

తిట్టబోయి ఆగాను. ఎడమ వరస పువ్వులకి మా చిప్ప ముందు, కుడి వరస పువ్వులకి వాళ్ళ చిప్ప ముందు. ఒకే తీగలు, ఒకే గాలి, ఒకే మధ్యాహ్నం. ఇంతకన్నా చక్కటి పరీక్ష నేను కోరుకున్నా దొరికేది కాదు.

"అంకినీడూ, నువ్వు అట్టాగే చెయ్యి. బాగా చెయ్యి. ఒక్క పువ్వూ వదలకు" అన్నాను.

వాడు అనుమానంగా చూశాడు. "ఏంటే ఇంత మంచిగా మాట్లాడతన్నావ్?"

తెప్ప లేచి పడుతోంది. పువ్వు దగ్గరికి చెయ్యి పోతే పువ్వు పైకి పోతోంది. కొమ్ములు వంగేదాకా పందిరి గుంజని కావలించుకుని నిలబడ్డాం. వంగాయి. మొదటి నాలుగు పువ్వులకి ఈకతో అద్దాను. ఐదో పువ్వు దగ్గర పెద్ద అల వచ్చి ఈక ఎగిరిపోయింది. చిప్పలో సగం పుప్పొడి గాల్లో పచ్చటి పొగలా లేచి పోయింది. ఏడుపొచ్చింది. ఏడవలేదు, ఏడిస్తే చిప్పలో ఉప్పునీళ్ళు పడతాయి. మిగిలినదాన్ని చిప్పతో సహా రవికలోకి దోపుకుని, చూపుడువేలు ముంచి, ఒక్కో కీలాగ్రానికీ వేలితో అద్దాను. ఈకకన్నా వేలే నయం, పువ్వు ఎంత గట్టిగా ఉందో వేలికి తెలుస్తుంది. ఎడమ వరస పూర్తయ్యేసరికి వేలికి రంగు తప్ప చిప్పలో ఏమీ మిగల్లేదు.

దిగేటప్పుడు అంకినీడు వాంతి చేసుకున్నాడు. ఇది సరిగ్గా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

ఏకాదశి, గురువారం

కుడి వరస రాలింది. మొత్తం.

ఎడమ వరసలో పువ్వుల రేకులు ఎండి వేలాడుతున్నాయి, కానీ తొడిమలు గట్టిగా ఉన్నాయి. ఎండిన రేకుల వెనక పెసరగింజల్లా ఉండాల్సిన పిందెలు బఠాణీల్లా ఉన్నాయి. ఈకతో అద్దినవీ నిలిచాయి, వేలితో అద్దినవీ నిలిచాయి.

అంకినీడు రాలిన తన పువ్వుల్ని ఏరి దోసిట్లో పెట్టుకుని చూశాడు. "గాలికి రాలుంటాయ్" అన్నాడు.

"ఎడమవైపు గాలి లేదా?"

"ఉందిలే." దోసిలి దులుపుకుని, "వాంతి సంగతి రాశావా?"

"రాశాను."

"కొట్టెయ్యవే."

"కొట్టెయ్యను."

చతుర్దశి, ఆదివారం

సైదులు తాత పందిరి తెప్ప ఎక్కి చాలా ఏళ్ళయింది. ఇవాళ మనవడి భుజం పట్టుకుని ఎక్కాడు. జోజమ్మ టీచరు, అమ్మ, నేను వెనక. పిందెలు ఉసిరికాయలంత అయ్యాయి. ఆయన ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, నొక్కకుండా, ఊరికే బరువు చూశాడు. కుడి వరసలో బోడి తొడిమల్ని కూడా ఒక్కొక్కటీ చూశాడు. తొందరపడలేదు.

"పీకాల్సిన తీగ మాది అన్నమాట" అన్నాడు చివరికి.

బోడి తొడిమ ఒకటి తుంచి జేబులో వేసుకున్నాడు.

"ఊరంతా నా తీగ పిల్లలే అని పెట్టెలో అంకె ఎలిగినప్పుడల్లా పొంగిపోయేవోణ్ణి. సరే. ఇకమీద పదకొండు ముందు. నేనే సభలో చెప్తా."

అమ్మ నా వైపు చూసింది. ఇన్నేళ్ళుగా చివర నిలబడి చివరి బిందె పట్టుకున్న అమ్మ. ఆ మొహం చూశాక అవునని చెప్పడం ఎంత తేలికో! పెట్టెలో పదకొండు, పదకొండు, పదకొండు అని వెలుగుతుంటే ఎలా ఉంటుందో కళ్ళముందు కనపడింది. బాగుంది. చాలా బాగుంది.

"వద్దు తాతా" అన్నాను. "ఈ కాయల గింజలు నాటితే పందిరంతా మా తీగ కూతుళ్ళవుతారు. ఇంకొన్నేళ్ళకి మళ్ళీ ఇదే పువ్వు ఇట్టాగే రాలుద్ది. అప్పుడు పీకేది మాదాన్ని."

"మరి?"

"మీ తీగని పీకొద్దు. దాని పుప్పొడి చెడ్డది కాదు. రసంలో ఎంత చక్కగా లేచిందో అంకినీడుని అడగండి. ఇక్కడ అన్నీ దాని కూతుళ్ళే కాబట్టి గుమ్మంలో ఆపేస్తున్నాయి. దానికి కూతుళ్ళు లేని చోటు కావాలి, మన పందిరికి బయటి పుప్పొడి కావాలి."

"ఎదురుమొండి తెప్పలు" అన్నాడు అంకినీడు వెంటనే. "వాళ్ళకీ రాఖీ పందిరుంది. వాళ్ళకీ ఈ ఏడు కాయ లేదని వలలోళ్ళు చెప్పుకుంటన్నారు. అక్కడ కూడా మొదటోడు మొదటే అయ్యుంటాడు."

జోజమ్మ టీచరు నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయారు. అమ్మ కూడా నవ్వింది. పీకడం గురించి ఇంకెవరూ మాట్లాడలేదు. సభ పెట్టాల్సిన అవసరం కూడా లేదని తాత అక్కడే చెప్పేశాడు. పదకొండో తొట్టి ఉంటుంది, ఒకటో తొట్టీ ఉంటుంది. పుప్పొడి చిప్పల వరస ఇకనుంచి పువ్వుని బట్టి, నీళ్ళ వరస ఎప్పటిలాగే లంగరుని బట్టి. "రెండూ కలపమాక" అని నాకు వేలు చూపించి మరీ చెప్పాడు.

మధ్యాహ్నం మొదటి తొట్టి పుప్పొడి నేనే దులిపాను. చిప్ప మీద చిప్ప మూసి, మైనం పూసి, తడి తగలకుండా గుడ్డలో చుట్టాను. మా తీగది ఇంకో చిప్పలో. చల్లగా ఉంచితే ఒక రోజు బతికే ఉంటుంది. సాయంత్రం తాత చొక్కా ఉతికి తాడు మీద ఆరేసుకున్నాడు. ఆయనే వస్తాడట, వయసు గురించి ఎవరూ మాట్లాడకూడదట.

"కొత్త ఊరికి సంబంధానికి ఎళ్తా చిల్లు చొక్కా ఏసుకుంటానా ఏంటే?" అన్నాడు.

రేపు పొద్దున నేలగాలి లేవగానే పడవ తీస్తాం. తెడ్డు అంకినీడుది, వంశపు పెట్టె నా ఒళ్ళో, చిప్పలు తాత జేబులో. వాళ్ళ పువ్వులు కొమ్ములు వంచేలోపు ఎదురుమొండి చేరాలి. ముందు వాళ్ళ ఆకులు పెట్టెలో పెట్టి చూస్తాను. ఎవరిని ఎవరు లోపలికి రమ్మంటారో తెలిశాక, వాళ్ళ పెద్దని అడిగి, మొదటి పువ్వుకి సైదులు తాత చేతనే అద్దిస్తాను. వేలితో ఎలా అద్దాలో పడవలో నేర్పుతాను.